నా కంట్ల పురుడు

ఇట్ల రాండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. నాకు కుడిదిక్కు కూసుంటే ఇంకా మంచిది. ఎడమ కన్ను చిన్నప్పటిసంది మందం, ఆ దిక్కున్నోళ్లు నాకు నీడ లెక్క కానొస్తరు, మొఖం తెల్వదు. ఇప్పుడు చెప్పబోయేది కుడి కన్ను ముచ్చట. నాకున్నది అదొక్క కన్నే అనుకోండ్రి. అది పోతే నేను గోడ పట్టుకొని నడిచేదాన్ని. దాన్ని పోగొట్టనీకి మా ఇంట్ల, మా గల్లీల ఉన్న తెలివిగలోళ్లంతా తలా ఒక చెయ్యి ఏసిన్రు. గండం దాటింది గనక ఇయ్యాల నవ్వుకుంట చెప్తున్న. మీ ఇంట్ల ఎవరికన్న కన్ను ఎర్రగైతే అసుంటి తెలివిగలోళ్లను గడప దాటనీయకుండ్రి.

మాది గోపన్‌పల్లి, పాత ఊరోళ్లం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేసినయి, నడుమ మా గల్లీ మిగిలింది. కింద మేం ఉంటం, పైన వాటా కిరాయికిచ్చినం. మా ఆయన సత్తయ్య, కొడుకు, కోడలు స్వప్న, నేను. కొడుకు క్యాబ్ నడుపుతడు, ఇంటికి నిద్రపోనీకే వస్తడు. స్వప్న రాయదుర్గంల అద్దాల బిల్డింగు ఆఫీసుల పనిచేస్తది. ఇగ మా ఆయన అక్క, యాదమ్మ వదినె. ఆమెను పక్కూరికే ఇచ్చిన్రు. ఇచ్చి ముప్పై ఏండ్లు దాటింది గానీ మా ఇంటి పెత్తనం మాత్రం ఇంకా ఆమె కొంగుకే ముడేసి ఉంటది.

ఉగాది ముందునాడు పచ్చడికి వేపపువ్వు కోయబోయిన. అపార్ట్‌మెంటోళ్ల గోడ అవతల చెట్టు, ఒక కొమ్మ మా దిక్కు వంగుతది. వంచి పట్టుకొని పువ్వు దూస్తుంటే చెయ్యి జారింది. కొమ్మ సర్రున లేసి కంట్ల కొట్టింది. నీళ్లు కారినయి, రెప్ప తెరువరాలే.

ఏ తుమ్మకొమ్మనో కొట్టి ఉంటే ఆ పొద్దే దవాఖానకు తీసుకపోదురు. కొట్టింది వేప. ఆడనే నా ఖర్మ మొదలైంది.

“వేప తాకితే ఏమైతదే?” అన్నది పండుగకొచ్చిన యాదమ్మ వదినె, పులిహోర తినుకుంట. “వేపంటే అమ్మోరు. అమ్మోరు పోసినోళ్ల పక్క మీద పరిచే ఆకు అది. ఆమెనే వచ్చి నీ కన్ను ముట్టింది. దండం పెట్టుకో.”

దండం పెట్టుకున్న. తెల్లారి కన్ను మందారం లెక్కయింది. వదినె చిన్న గిన్నె పట్టుకొని నాలుగిండ్ల అవతల ఉన్న బాలింత దగ్గరికి పోయి చనుబాలు పిండిచ్చుకొచ్చి నా కంట్ల పోసింది. “సల్లగైతది,” అన్నది. కాలే.

పైన కిరాయికుండే రాజ్యలక్ష్మి గారు గోదావరి దిక్కామె. మంచి మనిషి, గానీ ఫోన్‌ల ఏది కానొస్తే అదే వైద్యం. మెట్లు దిగొచ్చి, “బాలమణి గారూ, కాచిన ఆవునెయ్యి ఒక్క చుక్క వేసి చూడండి. దాంతో ఒకాయనకి పోయిన చూపు తిరిగొచ్చిందండి,” అన్నది.

“ఆయన మీకు తెలుసా అమ్మా?”

“అబ్బే, వీడియోలో చూశానండి.”

“దవాఖానకు పోదాం అత్తమ్మా,” అని స్వప్న ఒక్కతే అంటుండె. ఆమె మాట ఎవరింటరు? ఆమె చదువుకున్నది గదా, ఆమెకేం తెలుసు.

మా ఆయన మెడికల్ షాపుకు పోయి చుక్కల మందు తెచ్చిండు. నా కన్ను ఇంట్ల ఉన్నది, మందు షాపుల ఉన్నది, షాపాయన నా కన్నును చూడనే లేదు. “కన్ను ఎర్రగైందన్న, ఇచ్చిండు,” అన్నడు మా ఆయన, అదేదో గడ్డపార అడిగి తెచ్చినంత అల్కగ. ఏసుకున్న. మాయదారి మందు, ఎర్రదనం తీసి పారేసింది. మా ఆయన వారమంత ఛాతీ ఇరుసుకొని తిరిగిండు. “డాక్టర్ దగ్గరికి పోతే ఒక దినం పోతుండె,” అన్నడు వాకిట్ల నిలబడి వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు.

ఎర్రదనం పోయింది, నొప్పి పోలే. కంట్ల ఎవరో కారం కొట్టి దాని మీద సున్నం రాసినట్టుండె. వెలుగు చూస్తే సూదులు. అద్దంల చూసుకుందామంటే చూసేదే ఆ కంటితోని గదా, మబ్బు తప్ప ఏం కానరాలే. ఆఖరుకు స్వప్న ఫోన్ లైటేసి చూసింది. “నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ ఉన్నది అత్తమ్మా. నేను సెలవు పెట్టిన. చెప్పులేసుకో,” అన్నది. మావయ్యను అడుగలే, పెద్దత్తను అడుగలే.

ఎండలు ముదురుతున్న దినాలవి. ఆ కండ్ల దవాఖాన హాల్ల మాత్రం చలి. అంతా తలకాయలు వంచుకొని కూసున్నరు, కొందరికి దూది, కొందరికి నల్లద్దాలు అని స్వప్న చెప్పింది. నా పక్కన ఒక ఆఫీసు పిలగాడు కన్ను మూసుకొని కూసున్నడు.

“నీకేమైంది బిడ్డా?”

“లెన్సులు పెట్టుకొనే పడుకున్నానాంటీ. కన్ను పుండయింది.”

“తీసి పండుకోవద్దా?”

“ఆఫీస్ వర్క్ ఉండె ఆంటీ, అలిసిపోయిన.”

నన్ను వేప కొట్టింది, ఇతన్ని ఆఫీసు కొట్టింది. ఇద్దరం ఒకే బెంచీ మీదికొచ్చినం. ఇంకో దిక్కు మియాపూర్ నుంచి వచ్చినామె కూసున్నది. నాకు నంబర్ బోర్డు కానొస్తలేదని తెలుసుకొని, తన నంబర్‌తోపాటు నా నంబర్ గూడ ఆమెనే చూసుకుంటుండె. స్వప్న పైసలు కట్టే కౌంటర్‌కాడ ఉంటే, “లేవక్కా, నీదే,” అని నా చెయ్యి పట్టుకొని తలుపు దాక తోలింది. ఆమె పేరు అడుగుదామనుకునేలోపల నన్ను లోపటికి పిలిచిన్రు.

డాక్టరమ్మ చిన్న వయసామె. పెద్ద యంత్రం ముంగట నా గదవ ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత మా ఆయన తెచ్చిన చుక్కల సీస చేతిలోకి తీసుకున్నది.

“ఇదెవరు రాసిచ్చారమ్మా?”

నేను మా ఎనకనే దవాఖానకొచ్చిన మా ఆయన దిక్కు తిరిగిన. మా ఆయన ఏసీ దిక్కు చూసిండంట.

“ఆకులు, కొమ్మలు తాకితే కంట్లోకి బూజు చేరుతుంది. ఈ చుక్కలు ఎర్రదనం తగ్గిస్తాయి, లోపల బూజును మాత్రం పెంచుతాయి,” అన్నది.

బూజంటే నాకు తెలుసు. తడి చెయ్యి పెట్టిన మామిడికాయ తొక్కు మీద తెల్లగ లేస్తది. జాడీ అయితే పారబోస్తం. కన్ను ఎట్ల పారబోస్తం?

అప్పటిసంది మా ఇల్లు చుక్కల మందు చుట్టే తిరిగింది. గంట గంటకు ఏయాలె. మా ఆయన ఏస్తే ఒక చుక్క చెంప మీద, ఒకటి చెవుల, ఒకటి దిండు మీద పడుతుండె. గోడకు సున్నమేసే చెయ్యి గూడ అంతకంటె నయం. స్వప్న ఇంట్లకెళ్లే పనిచేస్తానని ఆఫీసుల అడిగింది. వాళ్ల సారు, “అత్తగారికా? మీ అమ్మగారికేమో అనుకున్నాను,” అన్నడంట. అంత పెద్ద అద్దాల మేడల కూసున్న మనిషికి అమ్మ కన్ను వేరే, అత్త కన్ను వేరే. రెంటికీ అదే చుక్క ఏస్తరని ఎవరన్న చెప్పాలె ఆయనకు. ఆఖరుకు వారంల సగం దినాలకు ఒప్పుకున్నడు.

మిగిలిన దినాలు రాజ్యలక్ష్మి గారు చూసుకున్నది. ఆ నెయ్యి ముచ్చట మళ్ల తియ్యలే. ఫోన్‌ల అలారం పెట్టుకొని, పొయ్యి మీద కూర ఉన్నా కట్టేసి, గంటగంటకు దిగొచ్చేది. “పైకి చూడండి బాలమణి గారూ, అదిగో, అయిపోయిందండి,” అని మెల్లగ రెప్ప కిందికి గుంజి ఒక్క చుక్క ఏసి పోయేది. మోకాళ్ల నొప్పులామె. ఆ మెట్లు ఎన్నిసార్లు దిగిందో నేను లెక్కపెట్టలే, ఆమె గూడ చెప్పలే.

మృగశిర దాటి వానలు మొదలైనంక డాక్టరమ్మ బూజు సచ్చిందన్నది. మా ఆయన సంచి భుజానికేసుకొని లేవబోయిండు. “కూర్చోండి,” అన్నది ఆమె.

బూజు సచ్చింది గానీ పుండు మూసుకుంటలేదంట. నల్లగుడ్డు ఆడ పలచబడ్డదంట. ఒక పొర పరిచి కుట్టాలె అన్నది.

“ఏం పొర అమ్మా?”

“బిడ్డ కడుపులో ఉన్నప్పుడు చుట్టూ ఉమ్మనీటి సంచి ఉంటుంది కదా. దాని లోపలి పొర. ఆపరేషన్‌తో కాన్పయిన తల్లులు ఇస్తారు. పరీక్షలు చేసి, శుభ్రం చేసి భద్రపరుస్తాం. అది పుండు మీద పరిస్తే కింద కొత్త పొర పెరిగే వీలుంటుంది. తర్వాత అదే కరిగిపోతుంది.”

“కుట్టకపోతే?”

“చిల్లు పడొచ్చు. చిల్లు పడితే ఈ కన్ను నిలుస్తుందని చెప్పలేను. కుట్టినా ఇంతకుముందున్న చూపంతా వస్తుందని మాటివ్వను. కానీ ఆలస్యం చెయ్యొద్దు.”

ఆమె అబద్ధం చెప్పలే, అందుకే ఆమె మీద నమ్మకం కుదిరింది. మా ఆయన మాత్రం దవాఖాన మెట్లు దిగుతుండంగనే అక్కకు ఫోన్ కొట్టిండు. మేం ఇల్లు చేరేసరికి యాదమ్మ వదినె గడప మీద కూసోని ఉన్నది.

“మాయ తెచ్చి కంట్ల పెడ్తరంట?”

“మాయ గాదు పెద్దత్తా, లోపలి పొర,” అన్నది స్వప్న.

“ఏదైతేంది, పురిటిదే గదా. ఎవరి పురుడో ఏందో. ఏ ఇంటిదో, ఎవరోళ్లదో. ఆషాఢం వస్తున్నది. ఈ ఇంటి బోనం ఎత్తేది పెద్దకోడలు. కంట్ల పురుడు పెట్టుకొని అమ్మోరి ముంగట ఎట్ల నిలబడ్తవే బాలమణీ?”

నాకు నవ్వాల్నో ఏడువాల్నో తెల్వలే. మా ఆయన తువ్వాల దులిపి కూసోని, నిజంగనే ఆలోచన చేసిండు.

“అక్కా, మైలంటే కాన్పయిన దినం నుంచి లెక్కనా, కన్ను కుట్టిన దినం నుంచి లెక్కనా?”

“కుట్టిన దినం నుంచి.”

“మరి ఆ కన్నతల్లి ఎప్పుడో స్నానం చేసి ఉంటది గదా. పురుడు తీరినంక బాయికి మొక్కుతరు గదా, అది గూడ అయి ఉంటది.”

“ఆమెకు మైల ఎల్లిందిరా. పొరకు ఎల్లలే గదా.”

పైన మెట్ల మీద నిలబడి రాజ్యలక్ష్మి గారు తొంగి చూసింది. “మా వైపు పదకొండో రోజుకే శుద్ధి చేసేసుకుంటామండి. ఈ ఒక్కసారికి మా లెక్క పెట్టేసుకోండి.”

“మీ దిక్కు లెక్క మా అమ్మోరికి నడువదమ్మా,” అన్నది వదినె.

“కరిగేదాక మైలేనంటవా అక్కా?” అన్నడు మా ఆయన.

“కరిగినా కంట్లనే ఉంటది గదరా. ఎటు పోతది?”

ఇద్దరు నెరిసిన తలకాయలోళ్లు కూసోని, ఒక పొరకు ఎప్పుడు తలంటు పొయ్యాలెనో లెక్కలేస్తున్నరు. ఆడ నా కన్ను పలచబడుతున్నది. ఈడ వీళ్లు స్నానం ముహూర్తం తీస్తున్నరు. ఇసుంటోళ్లను నా పెండ్లప్పటిసంది చూస్తున్న. తెల్వనిది తెల్వదనరు. తెల్వని దాని మీద ఇంకా జోరుగ మాట్లాడుతరు.

“వదినె,” అన్న నేను, “ఉగాదికి గిన్నె పట్టుకొని పోయి నా కంట్ల పోసినవే, ఆ పాలు ఎవరియి?”

“బాలింతయి.”

“ఆమెకు పురుడు ఎల్లిందా అని అడిగినవా?”

“పాలు వేరే.”

“వేరే అని ఎవరు చెప్పిన్రు?”

“మా అత్త చెప్పింది.”

“మరి పొర గురించి మీ అత్త ఏం చెప్పింది?”

“ఆమె దినాలల్ల ఇసుంటివి యాడున్నయే?”

“అయితే వద్దని గూడ చెప్పలే గదా.”

స్వప్న వంటింట్లకు పోయి నవ్వింది, ఇనొచ్చింది. వదినె మొఖం గంటు పెట్టుకున్నది. “నువ్వు, నేను గూడ ఆ పొరలకెళ్లే వచ్చినం వదినె,” అన్న.

“అందుకే గదా మనకు స్నానం పోసిన్రు,” అన్నది. ఆమె దగ్గర జవాబు ఎప్పుడు తయారుగ ఉంటది. దాంతోపాటు ఆలోచన గూడ ఉంటే మా ఇల్లు ఎప్పుడో బాగుపడుతుండె.

మా ఆయన గొంతు తగ్గించి, “బోనాలు అయినంక చేపిద్దాం బాలమణీ. ఎంత, నెల రోజులు గదా,” అన్నడు.

“నీ రెండు కండ్లల్ల ఒకటి నాకిచ్చి చెప్పు. నెల గాదు, ఏడాది ఆగుత.”

నేను స్వప్నను పిలిచి, “డాక్టరమ్మకు ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటదో అడుగు,” అన్న. ఒక్క సంగతి మాత్రం చెప్త. నోరు గట్టిగ మాట్లాడింది గానీ లోపట భయమే ఉండె. ఆ పూట వాకిట్లకెళ్లి వంటింటి దాక కన్ను మూసుకొని నడిచి చూసిన. నీళ్ల బిందెకు తగిలిన. రేపు ఇట్లనేనా అనుకున్న. అది ఎవ్వరికి చెప్పలే.

ఆపరేషన్‌కు స్వప్న, రాజ్యలక్ష్మి గారు నా ఎంట వచ్చిన్రు. మొఖం మీద గుడ్డ కప్పిన్రు, కన్ను పక్కన సూదేసిన్రు. అది నొప్పే, లేదని చెప్పను. తర్వాత మొద్దుబారింది. నొప్పి లేదు గానీ ఎవరో దారం గుంజుతున్నట్టు తెలుస్తనే ఉండె, చిరిగిన రవికెకు మాటేస్తున్నట్టు. ఎవరో నర్సమ్మ నా పాదం మీద చెయ్యేసి పెట్టింది. అంతసేపూ తియ్యలే. డాక్టరమ్మ ఒక్కసారి, “బాగా పరుచుకుందమ్మా, కదలకండి,” అన్నది. నా కంటి మీద ఎవరో ఒక తల్లి ఇచ్చింది పరుచుకుంటున్నది. ఆమె ఏ ఊరిదో, ఆమెకు కొడుకో బిడ్డనో అని అనుకుంట పండుకున్న. భయం జర తగ్గింది.

బయటికొస్తే మా ఆయన బండి పార్కింగుల నిలబడి ఉన్నడని స్వప్న చెప్పింది. చేతిల ఇడ్లీ పొట్లం. లోపటికి రాలే. మైల తగుల్తదని రాలేదో, వచ్చినట్టు అక్కకు తెలుస్తదని రాలేదో ఆయన్నే అడగాలె. ఇడ్లీలు సల్లారిపోయినయి. తిన్న. ఆకలైంది.

ఆ తర్వాతి దినాలు చూపు లేదు, చీకటి గూడ లేదు. పాలు కలిపిన నీళ్లల్ల మునిగి కండ్లు తెరిచినట్టు తెల్లగ ఉండె. కుట్లు గరగరమంటుండె. పొయ్యి దగ్గరికి పోవద్దు, కంట్ల నీళ్లు పడొద్దు. వదినె మా ఇంటికొచ్చినా మంచినీళ్లు ముట్టలే, అరుగు మీద కూసోనే ఆర్డర్లేసి పోతుండె.

బోనాలు వచ్చినయి. పసుపు రాసిన కుండకాడికి నన్ను రానియ్యలే. నేను పోను గూడ పోలే, పొగకు పోవద్దని డాక్టరమ్మ ముందుగాల్నే చెప్పింది. వదినె స్వప్నను పిలిచి, “ఈసారి నువ్వెత్తు బిడ్డా. మీ అత్తది మైల,” అన్నది.

స్వప్న చేతులు చూపించింది. “ఆ కంట్ల చుక్కలేసేది ఈ చేతులే పెద్దత్తా. నాకు మైల తగులలేదా?”

“స్నానం చేసినవు గదా.”

“అత్తమ్మ గూడ చేసింది.”

“నీ కంట్ల పొర లేదు గదే.”

“మావయ్య గూడ చుక్కలేసిండు. ఆయనకు?”

“వాడు ఎప్పుడన్న సక్కగ ఏసిండా, తగలనీకి?” అన్నది వదినె. ఆ ఒక్క మాట మాత్రం సక్కగ అన్నది, ఒప్పుకుంట.

డప్పులు గల్లీ మూలకాడికొచ్చినయి. స్వప్న పసుపు చీర కట్టుకొని, నా మంచం దగ్గరికొచ్చి రెప్ప తెరిచి చుక్కేసి, సబ్బుతోని చేతులు కడుక్కొని, పోయి బోనం ఎత్తుకున్నది. వదినె అదంతా చూసింది. గల్లీ ఆడోళ్లంతా వాకిట్ల నిలబడ్డరు, ఇప్పుడు ఒద్దంటే బోనమే ఆగిపోతది. చేసేది లేక ఎంట నడిచింది. అమ్మోరికి ఏం కోపం రాలే. వచ్చినట్టు నాకైతే కబురు లేదు.

శ్రావణం నడుమల పొర కరిగిపోయింది. డాక్టరమ్మ చూసి, పుండు మూసుకున్నదన్నది. అయినా నేను ఊపిరి బిగబట్టుకొనే ఉన్న, ఎందుకంటే అప్పటికింకా మొఖాలు సక్కగ కానొస్తలేవు. గోడ మీద అక్షరాలు చదవమన్నది. పెద్ద అక్షరం చెప్పిన. కింద వరుస చెప్పిన. దాని కింద రెండు చెప్పి ఆగిపోయిన. “చాలు, ఇంకా పెరగొచ్చు,” అన్నది. నల్లగుడ్డు మీద పలచటి మచ్చ మిగిలింది. పొద్దుగుంకే యాళ్లకు లైట్ల చుట్టూ ఈకలు లేస్తయి. సూదిల దారం పెట్టలేను. గోడ మాత్రం పట్టుకోను.

“ఆ పొర ఇచ్చిన తల్లి ఎవరమ్మా?” అని అడిగిన.

“మాకూ తెలియదమ్మా.”

మా ఆయన ఆ పొద్దు లోపటికే వచ్చిండు. బయట మెట్ల మీద నా చెయ్యి పట్టుకోబోయిండు. “మెట్లు కానొస్తున్నయి, వద్దు,” అన్న. “కానొస్తే ఏంది, పట్టుకోరాదా,” అన్నడు. సరే పట్టుకో అన్న.

దసరాకు యాదమ్మ వదినె వచ్చింది. బియ్యం చాటల పోసుకొని కండ్లు చికిలించుకుంట కూసున్నది. శుక్లాలు మొదలైనయంట, అప్పటిదాక ఎవ్వరికి చెప్పలే. కొంచెంసేపు చూసి, చాట నా దిక్కు జరిపింది.

“రాళ్లు నువ్వేరు బాలమణీ. నాకు కానొస్తలేదు.”

నేను ఆమె మొఖం దిక్కు చూసిన. ఆమె చాట దిక్కు చూసింది. ఏరిన. ఒక్కొక్క నల్ల రాయి పట్టుకొని పళ్లెంల టంగుమని ఏసిన, ఆమెకు ఇనొచ్చేటట్టు. పొద్దుమీకి ఆ బియ్యమే ఒండినం. రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నది. ఒక్క రాయి తగులలే ఆమెకు.

ఇదే నా ముచ్చట. కన్ను నొస్తే కంటి డాక్టర్ దగ్గరికే పోండ్రి, ఆ పొద్దే పోండ్రి. మీ ఇంట్ల కాన్పులన్నీ సుఖంగ కావాలె. మీ పిల్లల కండ్లు ముదిమి దాక తేటగుండాలె. పేరు తెల్వని ఆ తల్లి ఇల్లు, కూసోని ఇంతసేపు విన్న మీ ఇల్లు, రెండూ సల్లగుండాలె.